పుట్టుమచ్చకు బోను

నా పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలు రెండూ పుట్టుమచ్చలే. కుడి బుగ్గ మీద ఒక మోల్, ఎడమ మోచేతి మీద ఒక మోల్. ఆ పేరుతో మట్టిలో తిరిగే జంతువు కూడా ఉందని నాకు చాలా కాలం తెలియదు. సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో పార్కు చివర, మొక్కలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే మడుల్లో ఒకటి లాటరీలో నాకు వచ్చాకే తెలిసింది.

మేముండేది పదకొండో అంతస్తులో. ఈ దేశంలో నా చేతికి మట్టి అంటే చోటు ఆ మడి ఒక్కటే. నవారు మంచమంత ఉంటుంది. గోంగూర, చిలగడదుంప వేశాను. తీగ బాగా అల్లుకుంది, దుంపలు ఊరుతున్నాయని మురిసిపోతుంటే ఒక ఉదయం మడి నిండా బొరియలు కనిపించాయి. పైకి తోసిన మట్టి కుప్పలు, సగం కొరికి వదిలేసిన దుంపలు. ఏడుపొచ్చింది.

మట్టి కింద దారులు తవ్వేది మోల్ అని ఇంటర్నెట్ చెప్పింది. బోనులు కూడా చూపించింది. కత్తెరలా మూసుకునేది ఒకటి, గొట్టంలా ఉండేది ఒకటి, పైనుంచి మేకులు దిగేది ఒకటి. పెళ్ళిచీర ఎంచడానికి కూడా నేనంత సేపు తీసుకోలేదు. చివరికి కత్తెర రకం తెప్పించాను. దాన్ని ఎలా బిగించాలో తెలియక హార్డ్‌వేర్ షాపుకి పట్టుకెళితే అక్కడి చైనీస్ అంకుల్ అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"సింగపూర్ నో మోల్ లా! మోల్ ఓన్లీ హియర్," అని తన గడ్డం మీది పుట్టుమచ్చ చూపించాడు. "యూ గాట్ ర్యాట్."

ఎలుకలకి ఆయన దగ్గర మూడు రకాలున్నాయి. జిగురు అట్ట మీద పడితే అది ప్రాణాలతో అంటుకుపోయి కీచుమంటూనే ఉంటుంది, అది నా వల్ల కాదు. స్ప్రింగు బోనులో గోరింకల కాళ్ళు విరుగుతాయి, పార్కులో ఆడే పిల్లల వేళ్ళు నలుగుతాయి. ఇక మిగిలింది తీగల బోను. అందులో పడ్డ దాన్ని ఏం చేయాలన్నదే సమస్య. ఆ సమస్య అక్క తీర్చింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు, పక్క మడి ఆవిడ. గోదావరి జిల్లా మనిషి. నా పెళ్ళి కాకముందే ఈ దేశం వచ్చింది. తిండిని ఇక్కడి వాళ్ళలా మకాన్ అంటుంది. నా గోంగూర విత్తనాలు ఆవిడ ఇచ్చినవే. మొదటి రోజు నుంచీ ఆవిడ నోట మీ మడి, మా మడి అన్న మాట నేను వినలేదు. మన గోంగూర, మన పైపు, మన నీడ. ఆఫీసులో ఎవరైనా ఇంగ్లీషులో 'వి' అంటే అందులో నేనున్నానో లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలుగులో ఆ బాధ లేదు. మేము అంటే నువ్వు బయట, మనం అంటే నువ్వు లోపల. అక్క దగ్గర నేను లోపలిదాన్నని హాయిగా ఉండేది.

"చంపడం ఎందుకే పాపం, వినాయకుడి వాహనం," అంది అక్క. "బోనులో పడగానే నాకిచ్చెయ్. ఇంటికెళ్ళే దారిలోనే కదా రిజర్వాయరు, అక్కడ చెట్లలో వదిలేస్తాను. మనకి పాపం ఉండదు, దానికి ప్రాణం ఉంటుంది."

బోను పెట్టడం కూడా ఆవిడే నేర్పింది. ఎలుక ఆరుబయట పరిగెత్తదట, గోడ అంచునే పోతుందట. అందుకని బోను మడి గట్టుకి ఆనించి, మూతి బొరియ వైపు ఉండేలా పెట్టాలి. ముందు కొన్నాళ్ళు తలుపు కట్టేసి ఎర మాత్రం ఉంచాలి. భయం పోయాక అప్పుడు తలుపు ఎక్కుపెట్టాలి. ఎరకి మసాలా వడ ముక్కని మించింది లేదు. మా ఇంట్లో పండగ కాకపోయినా ఆ ఎలుక కోసం వడలు వేయించాను.

పడింది. అక్క బోను మీద గుడ్డ కప్పి పట్టుకెళ్ళింది. మర్నాడు ఖాళీ బోను తెచ్చిచ్చి, "ఒక్క గెంతు గెంతిందే! వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది, దండం పెట్టినట్టు," అంది. ఆ మాట నేను ఇంట్లో అందరికీ కథలా చెప్పాను.

మళ్ళీ పడింది, మళ్ళీ అక్క తీసుకెళ్ళింది. బొరియలు మాత్రం తగ్గలేదు. ఈలోగా పార్కు వాళ్ళ మనిషి వచ్చి చూసి, ఈ నెలాఖరుకి ఎలుకలు పోకపోతే మడి వెనక్కి తీసుకుంటామని మర్యాదగానే చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు అక్క నా పక్కనే ఉంది. "వి విల్ టేక్ కేర్ సార్" అని ఇంగ్లీషులో ఆయనకి హామీ కూడా ఇచ్చింది.

"సేమ్ ర్యాట్ లా, అమ్మా," అంది మా అమ్మాయి ఒకరోజు బోనులోకి తొంగి చూసి. నాకు ఒళ్ళు మండింది. అక్క అంత దూరం మోసుకెళ్ళి వదులుతుంటే ఆ మాటేంటని కేకలేశాను. దాని నోరు మూయించడానికే, తీగల్లోంచి బయటికి వేలాడుతున్న ఎలుక తోకకి నా ఎర్ర నెయిల్ పాలిష్ పూశాను. ఇంకోసారి పడ్డప్పుడు చూడవే, ఇది వేరే ఎలుక అని నువ్వే అంటావు అన్నాను.

ఇంకోసారి పడింది. తోక ఎర్రగానే ఉంది.

అప్పుడు కూడా నేను అక్కని అనుమానించలేదు. పాపం ఎలుకే అంత దూరం నడిచొచ్చింది కాబోలు అనుకున్నాను. ఎలా వస్తుందో చూద్దామని మాత్రమే, అక్క బోను తీసుకుని బయల్దేరాక వెనకే నడిచాను. ఆవిడ గేటు దాకా కూడా పోలేదు. ఎరువు గుంట వెనక నుంచి తిరిగి, నా మడి అవతలి చివర ఉన్న కాలువ దగ్గర వంగి, బోను తలుపు ఎత్తింది. ఎర్ర తోక నా దుంప తీగల్లోకి దూరిపోయింది.

"అక్కా," అన్నాను.

ఆవిడ తడబడలేదు. నడుము పట్టుకుని నిదానంగా లేచింది. "అలా చూస్తావేంటే? దీన్ని దూరంగా వదిలేస్తే దీని చోట్లోకి ఇంకోటి రాదా? ఇదైతే నీ దుంపలకి అలవాటు పడిపోయింది. మా వైపు రాదు."

మా వైపు. బోను తలుపు పడ్డ చప్పుడు నాకు అప్పుడు వినిపించింది.

"మడి తీసేసుకుంటారని నీకు తెలుసు కదక్కా?"

"నీకేమే, చిన్నదానివి, మళ్ళీ లాటరీ వేసుకుంటావు. మా బెండ ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను వాకిలి తీసి పిలిచి, వడలు వేయించి మరీ పెట్టాను. ఎలుక మీద నాకు కోపం లేదు, దాని ఆకలి దానిది. వెనక్కి తిరిగి దండం పెట్టిందన్న ఆ కథ మాత్రం నేను ఈ రోజుకీ క్షమించలేదు. అబద్ధమైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు కదా, అంత ముద్దుగా అల్లి నా చేత ఇంటిల్లిపాదికీ చెప్పించడం ఎందుకు? బోను అక్కడే వదిలేసి వచ్చేశాను. నెలాఖరుకి మడి పోయింది.

చాలా వారాలు ఆ దారి తొక్కలేదు. ఒక సాయంత్రం బస్టాపుకి అడ్డదారి కదాని పార్కులోంచి వెళ్తుంటే నా మడిలో ఎవరో తెలంగాణ అమ్మాయి మెంతికూర చల్లుతోంది. కొత్తగా వచ్చినట్టుంది. అక్క గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన నా బోను.

"బొక్కలు జూస్తే భయమైతుందక్కా, ఎలుకలున్నయా?" అంటోంది ఆ పిల్ల.

"భయం ఎందుకే చెల్లీ, మన దగ్గర బోనుంది," అంది అక్క.

నేను ఆగాను. అక్క నన్ను చూసి కొంగు సర్దుకుంది. నేను బ్యాగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీసి ఆ అమ్మాయి మట్టి చేతిలో పెట్టాను.

"పడ్డ ఎలుక తోకకి ఇది కొంచెం పూసి, అప్పుడు అక్కకివ్వు."

"గిదెందుకక్కా?" అంది ఆ పిల్ల నవ్వుతూ.

"అక్కనే అడుగు," అని నేను బస్టాపు వైపు నడిచాను.