బందరు దారిలో కొండ

అణాల్లో బేరమాడి నయాపైసల్లో డబ్బు పుచ్చుకునే ఆ గందరగోళపు రోజుల్లో, బందరు బుట్టాయిపేటలో మాకో రంగుల కొట్టు ఉండేది. రంగులు, వార్నీషు, మేకులు, ఇత్తడి తీగ అమ్మేవాళ్ళం. మా నాన్న నాకు నేర్పిన వ్యాపారమంతా కలిపి ఒక్క ముక్కే: గుమ్మమెక్కినవాడితో 'లేదు' అనకూడదు. అడిగిన సరుకు లేకపోతే "బయల్దేరిందండీ, దారిలో ఉంది" అనాలి. అనేసి, ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చేలోగా ఎక్కణ్ణించైనా తెచ్చి పెట్టాలి. ఈ చదువు నాకెంత బాగా ఒంటబట్టిందంటే, పందొమ్మిదో ఏడు వచ్చేసరికి మా కొట్లో లేని వస్తువంటూ ప్రపంచంలో లేకుండా పోయింది. (నిజానికి ఉన్నవి నాలుగు బీరువాలు. అందులో ఒకదానికి తలుపు రాదు.)

ఒకరోజు గుడివాడ నుంచి ఓ పెద్దాయన వచ్చి ఆకుపచ్చ రంగు అడిగారు. ఉన్న ఆకుపచ్చలన్నీ వరసగా పెట్టాను. ఆయన ఒక్కొక్క మూతా కళ్ళకి ఆనించుకుని చూసి, "ఇవి కావబ్బాయ్, వరిచేను రంగు కావాలి. నాటి ఇరవై రోజులైన చేను" అన్నారు. అలాంటి గిరాకీని నేనెప్పుడూ చూడలేదు. ఆరా తీస్తే, ఆయన గుడివాడ–బందరు లైను మీద ముప్ఫయ్యేళ్ళు గార్డుగా చేసి దిగిపోయారట. ఇప్పుడు ఇంటి వరండాలో ఆ లైనునే బొమ్మలా కడుతున్నారట. వేలెడు పట్టాలు, అగ్గిపెట్టెలంత స్టేషన్లు, అటూ ఇటూ చేలు. మాట మధ్యలో సంచీలోంచి తువ్వాలు మూట తీసి విప్పారు. లోపల నల్లటి ఇంజను ఉంది. దేశం వదిలి వెళ్ళిపోతూ ఓ రైల్వే దొర చేతిలో పెట్టి పోయాడట. తాళంచెవి నాలుగు తిప్పులు తిప్పి బల్ల మీద వదిలేసరికి, అది మా వార్నీషు డబ్బాల మధ్యగా టకటకలాడుతూ వచ్చి నా చేతికి తగిలి ఆగింది.

ఇప్పటికీ ఆ తగలడం నాకు గుర్తే. వెంటనే "ఎంతకిస్తారండీ?" అన్నాను.

"అమ్మేది కాదయ్యా. కళ్ళలో శుక్లాలు దిగుతున్నాయి. ఇక నా వల్ల పూర్తయ్యేలా లేదు. చల్లపల్లిలో ఓ డ్రాయింగు మాస్టారు కూడా లైను వేస్తున్నాడు. అతనిది పూర్తయితే ఇచ్చేద్దామనుకుంటున్నాను. నీకూ ఉందా ఏవిటి ఈ పిచ్చి?"

నా నోరు నన్ను అడగకుండానే "ఉందండీ, మేడ మీద గదిలో లైను వేస్తున్నాను" అనేసింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే మనం ముగ్గురమయ్యాం. నెలకోసారి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో మిగతా ఇద్దరికీ కార్డు రాయాలి. ముందు ఎవరిది పూర్తయితే వాళ్ళది ఇంజను" అని ఉన్నవాటిలోనే ఓ ఆకుపచ్చ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయారు. (బేరం కూడా ఆడలేదు. మా కొట్టు పుట్టాక అలా జరగడం అదే మొదలు.)

అన్నందుకు మేడ మీదికో బల్ల చేర్చి, ఇత్తడి తీగ వంచి పట్టాలు వేయబోయాను. మూడడుగులు వేసేసరికి అవి జంతికల్లా చుట్టుకున్నాయి. ఈలోగా నెల తిరిగింది. చల్లపల్లి మాస్టారి మొదటి కార్డు వచ్చింది: "ఈ నెల వేపచెట్టు ఒకటి చేసితిని. ఆకులు సరిగా కుదరలేదు. మరల చేయవలెను." ఇంతేనా అనుకుని, నేను పదకొండు కానాల వంతెన పూర్తయినట్టు రాశాను. ఆ పై నెల ఆయన "వేపచెట్టు మరల చేసితిని" అని రాస్తే, నేను గడియారంతో సహా స్టేషను కట్టేశాను. మూడో నెల ఆయన కార్డు చూసి నాకు చెమట్లు పట్టాయి. కాలవకి లాకు కట్టి, తలుపులు అమర్చి, నిజం నీళ్ళు వదిలాడట! "కొంచెం కారుచున్నవి" అని కూడా రాశాడు మహానుభావుడు. కారుతున్నాయని ఒప్పుకున్నాడంటే నీళ్ళు నిజంగా ఉన్నాయన్నమాటే. ఇంజను చల్లపల్లి బస్సెక్కి వెళ్ళిపోతున్నట్టు కళ్ళకి కట్టింది. ఆ కంగారులో కార్డు తీసుకుని, కొండ తొలిచి సొరంగం వేశానని రాసి తపాలా డబ్బాలో పడేశాను.

పడ్డ చప్పుడు విన్నాక గాని తట్టలేదు. గుడివాడ నుంచి బందరు దాకా కొండ ఎక్కడుంది? మా ప్రాంతంలో ఎత్తైనదంటే గడ్డివామే. ముప్ఫయ్యేళ్ళు ఆ దారిన తిరిగిన గార్డుకి నేను కొండ అమ్మాను! తపాలా డబ్బాలో చెయ్యి దూర్చి చూశాను. మోచెయ్యి దాకా కూడా దూరలేదు. ఇక ఆ పదిరోజులూ పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే చాలు, కొట్టు వెనక్కి వెళ్ళి మేకులు లెక్కపెట్టేవాణ్ణి.

తీరా వచ్చిన కార్డులో తిట్లు లేవు. "కొండ ఎత్తు ఎంత? సొరంగంలో బండి ఎంతసేపు కనబడదు?" అని ఉంది, అంతే. హమ్మయ్య అనుకుని "మూరెడు ఎత్తు. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు" అని రాశాను. పై నెల "కొండ మీద ఏమున్నది?" అని అడిగారు. ఒంటి తాటిచెట్టు ఉందని, కాస్త వంగి ఉంటుందని ఇద్దరికీ రాశాను. నెలనెలా అడుగుతూనే ఉన్నారు. నేను జవాబులు రాస్తూనే ఉన్నాను. "ఎవర్రా ఈ గార్డు? నెలకో పరీక్షపేపరు పంపిస్తున్నాడు?" అని నాన్న కూడా అడగడం మొదలుపెట్టాడు.

ఆఖరికి ఓ మంగళవారం ఈ కార్డు వచ్చింది. "ఆదివారం ఉదయం బండికి నేనూ మాస్టారూ నీ లైను చూచుటకు వచ్చుచున్నాము. ఇంజను తెచ్చుచున్నాను."

అంటే చేతిలో నాలుగు రోజులు. అవైనా భోజనాలయ్యాక కొట్టు మూసి ఉంచే రెండేసి గంటలు. వంతెనా స్టేషనూ ఎలాగోలా అట్టలతో కానివ్వొచ్చు. కొండే అసలు గండం. బెల్లం కొట్టు బాబాయిని బతిమాలి పాత గోతాలు తెచ్చి, మైదాజిగురులో ముంచి, బుట్ట మీద కప్పాను. శుక్రవారం సాయంత్రానికి అచ్చం కొండలాగే ఉంది. చూసుకుని మురిసిపోయాను కూడా. శనివారం పొద్దున్నే తలుపు తీస్తే కొండ నల్లగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే నడుస్తోంది. బందరులోని చీమలన్నీ బెల్లపు గోతాల ఆచూకీ తీసి వచ్చేశాయి. నా కేక విని నాన్న మెట్లెక్కి వచ్చాడు.

"ఏవిట్రా ఇది?"

"కొండ, నాన్నా."

ఆయన వంగి కొండ చుట్టూ ఓసారి చూశాడు. "మన కొట్లో నిజంగా లేని సరుకు ఇదొక్కటే అనుకున్నా. ఇదీ తెచ్చి పడేశావా?" అని దిగి వెళ్ళిపోయాడు.

కొండని బుట్టతో సహా తీసుకెళ్ళి ఊరి కాలవలో పారేసి, ఆ గట్టు మీదే నిలబడి ఆలోచిస్తే ఒకటే దారి కనబడింది. వాళ్ళు బయల్దేరేలోగా నేనే గుడివాడ వెళ్ళి, మా ఇంట్లో ఆటలమ్మ పోసిందని చెప్పాలి. ఆటలమ్మ ఉన్న గడప ఎవరూ తొక్కరు. పరుగున బండెక్కాను. ఇక ఎవరికి పోయించాలన్న సమస్య. అమ్మకి పోయించడానికి మనసొప్పలేదు. నాన్నకి పోయిస్తే కొట్టు ఎవరు తెరిచారంటారు. పెడన దాటేసరికి నాకే పోసుకున్నాను. వడ్లమన్నాడులో దురద కూడా మొదలైంది. కవుతరంలో బండి ఆగాక గుర్తొచ్చింది, ఆటలమ్మ పోసినవాడు ఆ కబురు చెప్పడానికి రైలెక్కి తనే ఎలా వచ్చాడని అడుగుతారు. ఎదుటి సీటాయన "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా, అలా చెమటలు పడుతున్నాయి?" అంటే ఏడుపొక్కటే తక్కువ. చివరికి బెల్లం కొట్టు బాబాయిని మా ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, ఆయనకి పోయించి, గుడివాడలో దిగాను. (పాపం, అడగ్గానే గోతాలిచ్చిన మనిషి.)

గార్డుగారి ఇల్లు కనుక్కుని వెళ్ళేసరికి, వాకిట్లో ఆయన భార్య కాబోలు, చాటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నారు.

"గార్డుగారున్నారా పిన్నిగారూ?"

"బజారుకెళ్ళారు నాయనా, చల్లపల్లి మాస్టారు రాత్రి బస్సుకి దిగాడు, ఇద్దరూ కలిసి వెళ్ళారు. వచ్చేస్తారు, కూర్చో. వరండాలో మాత్రం చోటు లేదు, మాస్టారికి కూడా చూపించకుండా తలుపేసి ఉంచారు, ఈ అరుగు మీదే సర్దుకో."

"ఏం, వరండాలో ఏవైందండీ?"

"ఏం చెప్పమంటావు! ఉద్యోగమున్నన్నాళ్ళూ ఈయన బండితో పోయేవారు, ఇప్పుడు బండే ఇంట్లోకొచ్చింది. పోనీ ఓ మూల పడుంటుందిలే అనుకున్నా. ఎవడో బందరు కుర్రాడట, కొండ ఉందని ఉత్తరం రాశాడట. అప్పట్నించీ తట్టలతో మన్ను మోసి మోసి మా వరండాలో కొండ మొలిపించారు. కాలు పెట్టేందుకు లేదు. ఆ కుర్రాడు గాని కనబడితే ఈ మిరపకాయలు వాడి నోట్లో కుక్కుతాను."

నేను మెల్లిగా లేచి తలుపు తోసి చూశాను. ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా లైను. పదకొండు కానాల వంతెన, లెక్కపెట్టాను, పదకొండే. గడియారమున్న స్టేషను. అటూ ఇటూ నేనమ్మిన ఆకుపచ్చలో చేలు. మధ్యలో మూరెడు ఎత్తున మట్టికొండ. కళ్ళు సరిగా కనబడని మనిషి చేత్తో తడిమి తడిమి చేసింది కాబట్టి కొండంతా వేళ్ళ గుర్తులే. దానికింద నల్లటి సొరంగం. ఎనిమిది నెలలుగా నేను చెప్పిన అబద్ధాల్లో ఆ తాటిచెట్టు తప్ప అన్నీ అక్కడ నిలబడి ఉన్నాయి. పారిపోదామని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో గార్డుగారూ, ఆయన వెనక సన్నగా, చంకలో టిఫిను డబ్బాతో మాస్టారూ.

గార్డుగారు మొహంలో మొహం పెట్టి చూసి నన్ను పోల్చి, "అరె, బందరబ్బాయ్! మేమే రేపొస్తున్నాంగా?" అన్నారు. వాకిట్లో మిరపకాయల చప్పుడు ఆగింది.

ఆటలమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ వేళ్ళ గుర్తుల ముందు నిలబడి చెప్పలేకపోయాను. "మా ఇంట్లో లైను లేదండీ" అన్నాను.

మాస్టారు అర్థం కానట్టు చూశారు. "లేదంటే... పూర్తవలేదాండీ?"

"లేదండీ. అసలు లేదు."

"వంతెన?"

"లేదండీ."

"స్టేషను గడియారం కూడానా?"

"లేదండీ." పుట్టినప్పట్నించీ దాచుకున్న 'లేదు'లన్నీ ఆ వరండాలోనే ఖర్చయిపోయాయి.

"ఆ గడియారం చదివి నేను నెల్లాళ్ళు దిగులు పెట్టుకున్నానండీ," అన్నారు మాస్టారు. "నావి వేపాకులే కుదరడం లేదు, బందరులో గడియారం కూడా పెట్టేశారని." కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఆయన ఊరికే డబ్బా చంక మార్చుకున్నారు.

గార్డుగారు నెమ్మదిగా కొండ పక్కన చతికిలబడ్డారు. "నాకు తెలుసయ్యా," అన్నారు. "కొండ ఉందన్న రోజే తెలుసు. ఈ లైన్లో నేను చూడని కొండ నీకెక్కడ దొరికింది?"

"మరి తిట్టలేదేంటండీ?"

"తిట్టే కార్డు రాయబోయాను. రాస్తుంటే తట్టింది. ముప్ఫయ్యేళ్ళు ఆఖరి పెట్టెలో కూచుని తిరిగాను. చేలు, కాలవ, చేలు, కాలవ. ఒక్కసారంటే ఒక్కసారి చీకట్లోకి వెళ్ళి వెలుతుర్లోకి వచ్చిన పాపాన పోలేదు. పోనీ ఇంట్లోనైనా ఉంటే ఏం పోయిందనిపించింది. నువ్వు ఎలాగూ కట్టలేదు కదా, కొలతలడిగి నేను కట్టాను. రేపు మీ ఊరొచ్చి నిన్ను కాస్త ఏడిపించి, ఇద్దర్నీ ఇక్కడికి తీసుకొచ్చి చూపిద్దామనుకున్నా." పక్కనే ఉన్న తువ్వాలు మూట విప్పి ఇంజను తీశారు. "ఇదిక ఎవరికీ ఇవ్వను. దీనికి ఇక్కడ పనుంది. ఏమనుకోకండి మాస్టారూ."

అప్పుడు వెలిగింది నాకు. పట్టుకుపోదామనుకున్న వస్తువుని దాని యజమాని ముందు పొగడకూడదన్నది బేరంలో ఓనమాలు. నేను ఎనిమిది నెలలు సొంత డబ్బుతో కార్డులు కొని, ఇంజను చేజారిపోయేలా ఆయనకి దాని మీద మళ్ళీ ఆశ పుట్టించాను. నాది పోతే పోయింది, మాస్టారిదీ పోగొట్టాను. బుట్టాయిపేటలో నా అంత బేరగాడు లేడనేవారు.

గార్డుగారు తాళం తిప్పి వదిలారు. ఇంజను వంతెన దాటి కొండలోకి దూరింది. ఆయన కళ్ళు మూసుకుని చెవి కొండకి ఆనించి "ఒకటి, రెండు..." అన్నారు. ఇంజను లోపలే ఆగిపోతుందని, అందుకూ నేనే కారణమవుతానని నాకు భయం. "మూడు" అనేసరికి అవతలి నుంచి బయటికొచ్చింది. చూస్తే గుమ్మంలో పిన్నిగారు కూడా చాట పట్టుకుని నిలబడి ఉన్నారు.

మాస్టారు అప్పుడు డబ్బా మూత తీశారు. లోపల దూదిలో తాటిచెట్టు, జానెడు కూడా లేదు, తాటిపీచుతో చేసింది. "మీ కొండ మీదికని తెచ్చానండీ," అన్నారు నాతో, కాస్త మొహమాటంగా. "వంగి ఉంటుందన్నారు గాని ఎటో రాయలేదు. అందుకని తిన్నగా ఉంచాను."

"లేని చెట్టు కదండీ మాస్టారూ," అన్నాను తల ఎత్తలేక.

"లేకపోతే లేదు," అన్నారు గార్డుగారు. "ఎటు వంగిందో చెప్పు. రాసినవాడివి నువ్వేగా!"

జీవితంలో మొదటిసారి, జవాబు చెప్పేముందు ఆలోచించాను. "గుడివాడ వైపండీ. సముద్రం గాలి బందరు నుంచి కదా కొట్టేది."

"అదీ!" అన్నారాయన. "ఇది మాత్రం నిజం రాశావు." మాస్టారు చెట్టుని దీపం సెగకి చూపించి, ఎంతో జాగ్రత్తగా గుడివాడ వైపు వంచి కొండ మీద గుచ్చారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, వ్యాపారం పని మీద తిరుగుతూ నిజం కొండల్లో నిజం సొరంగాల్లోంచి వెళ్ళాను. పెట్టెలో అందరూ పిల్లల్ని దగ్గరికి లాక్కుని, కిటికీలు దించుకునేవారు. నేను మాత్రం బండి లోపలికి దూరేలోగా తల బయట పెట్టి కొండ నెత్తి మీదికి చూసేవాణ్ణి. "ఏముందండీ అక్కడ?" అని పక్కవాళ్ళు అడిగేవారు. ఏం చెబుతాను? చెట్లున్నాయి. అన్నీ తిన్నగానే ఉన్నాయి. ఈమధ్య మోకాళ్ళు సహకరించక కిటికీ దగ్గర సీటు పిల్లలకి వదిలేస్తున్నాను గాని, రైలు చీకట్లోకి వెళ్ళగానే పెదవులు వాటంతటవే ఒకటి, రెండు అంటున్నాయి. చాలా సొరంగాలు మూడు దాటిపోతాయి. నేను మూడు దగ్గరే ఆగి, వెలుతురు కోసం కూర్చుంటాను.