ఎండలో కాగిన బేస్ గిటార్

మా బ్యాండ్ కొత్త పాట కోసం బేస్ గిటార్ శ్రుతిని బాగా కిందికి దించాను. తీగలు బట్టలారేసే తాడులా వదులై, మీటితే గరగరమన్నాయి. అంత కింది శ్రుతికి ఇంకా లావు తీగలు కావాలి. ఈ రోజు మహబూబ్‌నగర్ దుకాణాలన్నీ తిరిగాను. దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి నా గిటార్ డాబా మీద, నడి ఎండలో ఉంది! పక్కనే మా బాపు. నలభై ఏళ్లుగా డప్పు కొడుతున్న మనిషి.

“బాపూ, గిదేం జేసినవ్?”

“పొద్దుగాల విన్న. మెత్తవడ్డ డప్పు లెక్క మోగుతాంది. జర కాగితే బిగుస్తదని ఎండల వెట్టిన. మంట కాడ వెడ్దామనుకున్న గని, కట్టెది గదా అని ఆగిన.”

ఎండకు డప్పు తోలు బిగుస్తుంది, ఉక్కు తీగ సాగుతుంది. మీటి చూస్తే శ్రుతి ఇంకా జారిపోయింది. గిటార్ మెడ కూడా కాస్త వంగింది. నెత్తి కొట్టుకుంటూ ఆ మాటే చెప్పాను.

“నువ్వు మూడు దినాల సంది దించుడే గదరా? నేను దించితే లొల్లెందుకు?” అన్నాడు.

ఎండలో పెట్టినందుకు కోప్పడాలా, మంట దగ్గర పెట్టనందుకు దండం పెట్టాలా? మీరే చెప్పండి.