అడగకుండా వదిలిన కరెంటు

కరెంటాఫీసు కంట్రోల్ రూములో ఆమెను అందరూ ఫీడరక్క అంటారు. కరెంటు మోసే ఒక్కో లైనూ, అంటే ఒక్కో ఫీడరూ, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆమెకు కంఠతా వచ్చు. "ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం తెలీదు" అంటాడు దర్జీ పనిచేసే మొగుడు.

గాలివాన వెలిసిన ఉదయం లైన్లన్నీ ఆపి ఉన్నాయి. బాగుచేసినవాటికి వెబ్ పేజీలో బటన్ నొక్కి కరెంటు వదలాలి. నొక్కిన ప్రతిసారీ పేజీ "లైన్‌మన్ దిగాడా?" అని అడుగుతుంది. ఆ నొక్కుడు తప్పించుకోవడానికి ఆమె ఎప్పుడో ఒక ప్రోగ్రాం రాసుకుంది. అది బ్రౌజర్ తెరిచి, లైన్లన్నిటికీ వరసగా బటన్లు నొక్కేది. ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఆగి, ఆమె జవాబు కోసం చూసేది.

ఆరోజు పేజీది నత్తనడక. బటన్లు కనిపించక ప్రోగ్రాం మాటిమాటికీ చతికిలపడింది. ఫోన్లు చెవిలో జోరీగలు. విసిగిపోయిన ఫీడరక్క, బటన్ జోలికి పోకుండా దాని వెనక అసలు పని చేసే స్క్రిప్టునే నేరుగా పిలిచేలా ప్రోగ్రాం మార్చింది. తెర మీద లైన్లు కరెంటు అందుకుని చకచకా పచ్చబడ్డాయి.

ప్రశ్న మాత్రం రాలేదు. అది ఉన్నది బటన్‌లో, స్క్రిప్టులో కాదు. ఆ సంగతి తట్టేసరికి రంపం మిల్లు ఫీడరూ పచ్చబడింది. అక్కడ బక్కన్న అనే లైన్‌మన్ ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

ప్రోగ్రాం మూసేసి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, రంపం మిల్లు ఆపెయ్!"

"దానంతటదే ఆగిపోయిందక్కా. కరెంటు వదిలీ వదలగానే ట్రిప్పయింది."

ట్రిప్పయిందంటే తీగ దేనికో తగిలినట్టు. కొమ్మకు కావచ్చు. మనిషికీ కావచ్చు.

"మళ్లీ వెయ్యకు. స్విచ్చికి తాళం పెట్టెయ్."

బక్కన్న ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. మళ్లీ. చివరికి ఎత్తాడు.

"బతికున్నావా?"

"కరెంటు వదిలిందెవడక్కా? తీగల్ని నేలకు కలిపే కడ్డీ తగిలించుకున్నా కాబట్టి సరిపోయింది. అది నిప్పులు కక్కింది. చెప్పు, వాడి తాట తీస్తా."

"నేనే, బక్కన్నా."

ఆమె ప్రోగ్రాం సంగతి గబగబా చెప్పేసింది.

"దిగు, నాయనా."

"కాళ్లు రావట్లేదు. ఇప్పుడా లైన్ ఎవరి చేతిలో ఉంది?"

"సబ్‌స్టేషన్ తమ్ముడి చేతిలో. తాళం పెట్టమన్నాను."

"వాణ్ణి చెప్పమను. నువ్వు చెబితే దిగను."

ఆమె రెండో ఫోన్‌లో సబ్‌స్టేషన్‌ను పిలిచి, రెండు ఫోన్లనూ ఎదురెదురుగా పట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది.