మామ నాతో నేరుగా మాట్లాడిన రోజు

బంధువులందరికీ నమస్కారం. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతిలో బడి మానేసిన దాన్ని, రాత కూడా వంకరే. మా మామ రెండు వారాల కింద ఒక పొద్దున బావి దగ్గరికి వెళ్లి, అక్కడే గట్టు మీద కూలిపోయి చనిపోయారు. ఆ కబురు మీకు ఫోన్లో అందింది. ఈ నాలుగేళ్లు ఆయన ఎట్లా బతికారో ఫోన్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మామతో మాట్లాడేదాన్ని కాదు. ఏది చెప్పాలన్నా అత్తకు చెప్పాలి. ఆయన వాకిట్లో కూర్చుని అన్నీ వింటూనే ఉండేవారు. అయినా అత్త నోటితో చెప్పేదాకా కదిలేవారు కాదు. "నీ కోడలు బువ్వకు రమ్మంటుంది. చెవులల్ల పత్తి వెట్టుకున్నవా?" అని అత్త నవ్వేది.

నాలుగేళ్ల కిందటి మాట, అత్తకు అప్పటికి యాభై నిండలేదు. ఒకరోజు "మామను గోలి ఏసుకొమ్మను అత్తా" అన్నాను. ఆమె గడప మీద ఆగి నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "ఎవలకు చెప్పాలె?" అంది.

అది మెదడుకు వచ్చిన మతిమరుపు జబ్బని, ఇక మునుపటిలా కాదని కరీంనగర్‌లో డాక్టరు చెప్పారు. ఇంటికి వచ్చాక మామ, తలుపు చాటున ఉన్న నాతో మొదటిసారి నేరుగా మాట్లాడారు. "బిడ్డా, ఇగ మనిద్దరమే మాట్లాడుకోవాలె. మనం సిగ్గుపడితే గీమె ఆగమైతది." తల ఊపాను.

నేను స్నానం చేయిస్తే అత్త గిల్లేది. ఆయన చేయిస్తే ఊరుకునేది. చీర కుచ్చిళ్లు పెట్టడం ఆయన నా దగ్గరే నేర్చుకున్నారు. అత్త తమ్ముడు వచ్చి చూసి, "ఏం బావా, కుచ్చిళ్లు మంచిగనే కుదిరినయ్. చీరల దుకాణంల పనికి పోరాదు?" అన్నాడు.

"పోత. ముందుగాల నీకు కట్టి సూస్త, రా" అన్నారు మామ. అత్త తమ్ముడు వెళ్లాక మాత్రం నాతో, "దానికి మతి పోయింది గని సిగ్గు పోలే. దాని ముంగట నవ్వద్దు" అన్నారు.

అత్త బయటికి వెళ్లిపోతుందని తన తువ్వాల కొసను ఆమె కొంగుకు ముడేసుకుని పడుకునేవారు. అడిగిందే అడుగుతుంటే విసిగి ఒకసారి కంచం విసిరేశారు. పశువుల కొట్టంలోకి నీళ్లు తీసుకెళ్తే, గోడ వైపు తిరిగి ఏడుస్తున్నారు. "దాని మీద కోపం గాదు బిడ్డా. నాకు నిద్ర లేదు." ఛాతీలో నొప్పి వస్తే దవాఖానకు వెళ్దామన్నాను. "నేను మంచంల పడితే గామెను ఎవలు సూస్తరు?" అన్నారు. దుబాయ్‌లో ఉన్న మా ఆయనకి కూడా చెప్పనివ్వలేదు.

మామ పోయారని అత్తకు చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంది. కాసేపటికే "మీ మామ ఏడే?" అని నన్ను అడిగింది. పదో దినం నాడు పెద్దవాళ్లు ఆమె గాజులు తీయబోయారు. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "ముట్టకుండ్రి! దినాం ఆమె మొగన్ని సంపుతరా?" అన్నాను. కొందరు తినకుండానే లేచిపోయారు. గింత నోరా అన్నారు. ఇప్పటికీ అంటున్నారు.

మాసికానికి మీరంతా వస్తారు. అత్త చేతికి గాజులుంటాయి, నుదుట బొట్టు ఉంటుంది. ఆమె అడిగితే "మంథని పోయిండు, వస్తడు" అనండి. నా కోసం కాదు, ఆయన కోసం అనండి. ఆయన మోసింది నేను మోయగలనో లేదో, భయంగానే ఉంది.

ఈ ఉత్తరం చదివి కాల్చేయండి, మా ఇంటికి తేకండి. అత్త చదవడం మరిచిపోలేదు. దొరికిన కాగితమల్లా గట్టిగా చదువుతుంది. ఇప్పుడు వాకిట్లో నిలబడి సబ్బు మీది కాగితం చదువుతోంది. మధ్యలో ఆపి, బాట వైపు చూసి, కొంగు సర్దుకుంటోంది.