భరిణె మూత

స్కార్‌బరోలో ఎడమవైపు తిరగడానికి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, ఇండికేటర్ టిక్కు టిక్కుమనే చప్పుడులో నాకు రమణిగారి గొంతు వినిపిస్తుంది. "భుజం మీంచి చూడమ్మా. అద్దం అంతా చూపించదు." కాలేజీలో చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. కాకినాడ మనిషి, యాభై దాటిన వయసు, కారునిండా ఎప్పుడూ యాలకుల వాసన. మా చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ పక్కన కూర్చునే లైసెన్సు తెచ్చుకున్నారు. అయినా పేరంటానికి ఒక్కరూ పిలిచేవారు కాదు. మొగుణ్ణి వదిలేసి వచ్చి ఒంటరిగా ఉంటోందన్నది ఆవిడ నేరం. నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఓనరు సరళ ఆంటీ అయితే, తన లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచీ ఆవిడతో మాటలే మానేసింది.

ఆ వేసవిలో ఇంగ్లీషు క్లాసులో మాచేత ఒక పాత నవల చదివించారు. నియమనిష్ఠలు తప్ప మరొకటి ఎరగని క్రైస్తవుల ఊరు, తప్పు చేసిందని వాళ్ళు వెలివేసిన ఒక ఆడమనిషి. ఆవిడ ప్రార్థనకి వస్తే చుట్టూ బెంచీలు ఖాళీ చేసేసేవారు. ఆ కట్టుబాట్లు ఆవిణ్ణి ఎలాంటి మనిషిని చేశాయో వ్యాసం రాయాలి. ఆవిడలో ఏ ఆశా మిగల్చలేదని రాసి, ఆ సంగతి డ్రైవింగ్ క్లాసులో రమణిగారికి గొప్పగా చెప్పాను.

"ఆశ లేకపోతే ప్రతివారం ఎందుకెళ్తుందమ్మా? స్పీడ్ తగ్గించు," అన్నారావిడ. "ఈసారైనా ఎవరో ఒకరు పక్కన కూర్చోకపోతారా అని వెళ్తుంది. అది పెట్టు నీ వ్యాసంలో."

ఆవిడ నవల గురించే మాట్లాడుతున్నారనుకున్నాను నేను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీవ్రతానికి ముందురోజు సరళ ఆంటీ నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చి, పక్క టవర్‌లో ఏడిళ్ళు బొట్టు పెట్టి పిలిచి రమ్మంది. "మెసేజీ పెడితే అది పిలుపు కాదు. ఎనిమిదో ఫ్లోర్‌లో మాత్రం చూసుకో, ఆ రమణి తలుపు కొట్టకు. కొట్టావంటే ఇక్కడ ఉండటం కుదరదు." ఉన్నపళంగా రూమ్ పోతే నేనెక్కడికి పోను? సరేనన్నాను. ఎనిమిదో ఫ్లోర్‌లో ఒకావిడకి బొట్టు పెట్టి ఇటు తిరిగానో లేదో, పక్క తలుపు తీసుకుని రమణిగారు బయటికొచ్చారు. నా చెయ్యి దానంతట అదే భరిణెకి మూత పెట్టేసింది. ఆవిడ ఆ మూత వైపే చూశారు. "రేపు పదింటికి క్లాసు. మర్చిపోకు," అని లిఫ్ట్ వైపు నడిచారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. ఎప్పటిలాగే ఒక యాలక్కాయ నా చేతిలో పెట్టి, సీటు సర్దుకోమన్నారు. రెండు వీధులు దాటేసరికి నాకు దారి కనబడటం మానేసింది.

"ఏడుస్తూ నడపకూడదు. పక్కకి ఆపు."

ఆపాను. "నిన్న నేను..."

"రూమ్ పోతుందని భయపడ్డావు. నాకు తెలీదా? ఆ నవల్లో ఊళ్ళోనూ నిజంగా చెడ్డవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండుంటారు. మిగతావాళ్ళంతా నీలాగా భయపడ్డవాళ్ళే."

నాలుగు తిట్టినా బాగుండేది. భరిణె ఇంకా నా బ్యాగులోనే ఉంది. మూత తీసి, ఆవిడ నుదుట బొట్టు పెట్టాను. "సాయంత్రం పేరంటానికి రండి ఆంటీ."

"ఎవరింటికమ్మా?"

"మా ఇంటికే. బేస్‌మెంట్ నాదే కదా, అద్దె కడుతున్నాను."

ఆవిడ అద్దం తనవైపు తిప్పుకుని చాలాసేపు చూసుకున్నారు.

వచ్చారు. పట్టుచీర కట్టుకుని, పక్క గుమ్మంలోంచి. పైన ఆడవాళ్ళు పాటలు పాడుతుంటే, కింద నా పరుపు మీద కూర్చోబెట్టి ఆవిడ కాళ్ళకి పసుపు రాశాను. రెండు అరటిపళ్ళూ గుప్పెడు నానబెట్టిన శనగలూ ఒళ్ళో పెట్టాను. "పదకొండేళ్ళయిందమ్మా," అన్నారు, అంతే. భరిణె కోసం దిగొచ్చిన సరళ ఆంటీ మెట్ల మీదే ఆగిపోయి, వెనక్కి వెళ్ళింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని మర్నాడు చెప్పింది. నా రెండు సూట్‌కేసులూ కొత్త రూమ్‌కి రమణిగారి కారులోనే వెళ్ళాయి, దారంతా నాచేతే నడిపించారు. వ్యాసం మళ్ళీ రాశాను. ఈసారి ఆ నవల్లో ఆవిడ గురించి కన్నా బెంచీలు ఖాళీ చేసినవాళ్ళ గురించే ఎక్కువ రాశాను.

రమణిగారు పోయి రెండేళ్ళయింది. ఆవిణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు. మిస్సిసాగాలో మా ఇంట్లో నేనూ వ్రతం చేసుకుంటాను. పిలుపులకి బయల్దేరేముందు భరిణె మూతని అమ్మవారి దగ్గరే వదిలేసి, మూతలేని భరిణెతోనే వెళ్తాను. తిరిగొచ్చేసరికి చేతులకీ చీరకీ స్టీరింగుకీ అంతా కుంకుమే. అంటుకోనీ.