దిలీప్ చెరపని క్యాసెట్

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంతకు ముందే ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. నాకు రాయడం వచ్చేది కాదు. రెండేళ్ల కిందటి వరకు బీడీల పాస్‌బుక్కు మీద వేలిముద్రే వేశాను. రాయడం వచ్చినవాళ్లు మా గల్లీలో ఉన్నారు. ఉత్తరాలన్నీ వాళ్లతోనే రాయించేవాళ్లం. కానీ దీన్ని ఎవరితో రాయించను? రాసిన మనిషికి తెలిసిపోతుంది. ఆ మనిషి ఎవరి చెవిలో వేస్తుందోనని ఇక బతికినంత కాలం కాపలా కాయాలి. అందుకే నలభై ఆరేళ్ల వయసులో మధ్యాహ్నం పూట ఆడవాళ్ల బడికి వెళ్లి తెలుగు అక్షరాలు దిద్దాను. ఎందుకు నేర్చుకుంటున్నావని టీచరమ్మ అడిగితే, బస్సు బోర్డులు చదవడానికి అన్నాను. మేముండే సోలాపూర్‌లో బస్సు బోర్డులు మరాఠీలో ఉంటాయి. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా ఈమెకు ఏమైనా తెలుసా అనుకున్నాను. నా బతుకు అలా అయిపోయింది.

పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగినట్టే చెబుతాను.

మా ఆయన చద్దర్లు నేసేవాడు. మగ్గాల సేఠు షెడ్డుకూ మా గదికీ ఒకటే గోడ. ఎనిమిది మగ్గాలు నడుస్తుంటే గూట్లో గిన్నెలు అదిరేవి. ఈ మూల మాట ఆ మూలకు వినబడేది కాదు. నేను కోడలిగా వచ్చినప్పుడు మా మరిది అంబాదాస్‌కు ఏడేళ్లు. తల్లి లేదు. వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే, తల దువ్వింది నేనే.

ఇరవై దాటాక వాడికి దిలీప్‌తో దోస్తీ కుదిరింది. దిలీప్ మరాఠీ పిల్లవాడు, మగ్గాలు రిపేరు చేసే జాబర్. మెడ దాకా జుట్టు. మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూసేవాడు కాదు. అది చాలు నాకు, వాడిని నమ్మకపోవడానికి. వాడి బంధువు ఒకడు ఓడల మీద పని చేస్తూ పైదేశపు క్యాసెట్లు తెచ్చిచ్చాడట. వాటిలో మనుషులు గొంతు చించుకుని అరుస్తారు. అదే పాట అంటారు. వీళ్లిద్దరూ, ఇంకో ఇద్దరూ కలిసి కొంతం చౌక్ వెనక మూతపడ్డ ఒక షెడ్డులో చేరారు. దిలీప్‌ది గిటారు. అంబాదాస్‌ది గొంతు. చుట్టూ మగ్గాలు నడుస్తుంటే లోపల ఎవరు అరిచినా బయటికి తెలియదు. అందుకే అక్కడ చేరారు.

వాడు ఇంటికి వచ్చి ఉప్పు నీళ్లు పుక్కిలించేవాడు. సైగలతో మాట్లాడేవాడు. నేను వాడి అంగీ జేబులు వెతికాను. నోరు వాసన చూశాను. తాగుడా? ఆడపిల్లా? ఏమీ దొరకలేదు. దొరకకపోతే నాకు అనుమానం పోదు, పెరుగుతుంది.

వారానికి ఒక రోజు మా పేటలో లైట్ బంద్. ఆ రోజు మగ్గాలన్నీ ఆగుతాయి. గల్లీలో పిల్లి నడిచినా వినబడుతుంది. అలాంటి ఒక రోజు వీళ్లు ఆగలేక షెడ్డులో మొదలుపెట్టారు. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్న మేమంతా తలలెత్తాము. గొంతు వాడిదని నాకు వెంటనే తెలిసింది.

"ఏందే, మీ మరిదికి పండ్లు పీకుతుండ్రా?" అంది పక్కింటి లక్ష్మక్క.

"పీకేటోడు సగంల వదిలేసి చాయ్‌కి పోయినట్టుంది" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆకు కత్తిరించే కత్తెర వేలికి తగిలింది.

తరువాత ఆ షెడ్డుకు పిల్లలు రావడం మొదలైంది. పుణె నుంచి కూడా వచ్చేవారు. కాగితం అంటించేది లేదు, చాటింపు లేదు, ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి. రెండేళ్లు అలా నడిచింది. చివరికి బొంబాయిలో ఎవరో, క్యాసెట్టు తెస్తే విని కాపీలు చేసి అమ్ముతామన్నారట. ఆరు పాటలు ఒక క్యాసెట్టులోకి ఎక్కించారు. ఉన్నది ఆ ఒక్కటే. అంబాదాస్ దాన్ని తెచ్చి, వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను నా ముందే విరిచేశాడు. ఇక దీని మీద ఎవరూ రికార్డు చేయలేరని, ఆ సందుకు కాగితం అంటిస్తే తప్ప అని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని టేప్‌రికార్డర్‌లో పెట్టి విన్నాను. ఏం దాస్తున్నాడో తెలుసుకోవాలి కదా. అరుపుల్లో మాటలు తెలియవు. కానీ నాలుగో పాట మధ్యలో వాడు అరవడం ఆపి, మామూలు గొంతుతో, చదివినట్టు అన్నాడు. "మగ్గం ఆగిన దినమే మా వదినకు పండుగ."

మీకు అర్థం కాకపోవచ్చు. చెబుతాను. మా ఆయన నన్ను కొట్టేవాడు. మగ్గాలు నడుస్తుంటే కొట్టేవాడు. లైట్ బంద్ రోజు కొట్టేవాడు కాదు, నలుగురికీ వినబడుతుంది కదా. ఈ సంగతి లక్ష్మక్కకు తెలియదు. మా అమ్మకు తెలియదు. అంబాదాస్‌కు తెలుసని నాకు తెలియదు.

చిన్నప్పటి నుంచి అదే గదిలో గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఆ చప్పుడులో కూడా అన్నీ విన్నాడన్నమాట. విని నాకు ఒక్క మాట చెప్పలేదు. ఊరికి చెప్పబోతున్నాడు. నా బతుకును క్యాసెట్టు చేసి అమ్ముకుంటాడా? దిలీపే నేర్పి ఉంటాడా? ఇద్దరూ షెడ్డులో కూర్చుని నా గురించి ఏమేం మాట్లాడుకున్నారో?

అప్పుడే తలుపు దగ్గర దిలీప్ నిలబడ్డాడు. క్యాసెట్టు కావాలన్నాడు, ఎందుకైనా మంచిది, ఒక కాపీ తీసి పెట్టుకుందామని. ఇంట్లో లేదు, అంబాదాస్ పట్టుకుపోయాడు అన్నాను. వాడు నమ్మి వెళ్లిపోయాడు. ఇచ్చి ఉంటే ఆ పాటలు ఈ రోజుకీ ఉండేవి.

బీడీ కట్టల మీద అంటించే లేబుల్ ఒకటి ఇంట్లో ఉంటే, ఆ సందు మీద అంటించాను. రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాను. రెండు వైపులా. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పక్కనే కూర్చున్నాను. తరువాత లేబుల్ పీకేసి, క్యాసెట్టు ఎక్కడిది అక్కడ పెట్టాను.

సాయంత్రం వాడు వచ్చి పెట్టి విన్నాడు. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"వదినె, దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

"నాకేం ఎరుక. పగటీలి దిలీప్ వచ్చిండు."

"వానికి ఇచ్చినవా?"

"అడిగిండు, ఇచ్చిన. కాపీ చేస్కుంటనన్నడు. జరసేపటికి తెచ్చి పడేసిండు."

"నిజంగ?"

"నీ దోస్తు మీద నాకు అబద్ధం చెప్పే పనేంది? నువ్వే గద మొన్న అన్నది, వాడు ఒక్కడే బొంబాయి పోదామని చూస్తుండు అని."

నిజమే, వాడు ఏదో కోపంలో అలా అన్నాడు. నేను ఆ మాటను దాచి ఉంచాను, పనికొస్తుందని. పనికొచ్చింది. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా కొంతం చౌక్ వైపు వెళ్లాడు. పదిమందిలో దిలీప్‌ను తల్లి పేరెత్తి తిట్టాడని, గిటారు నేలకేసి కొట్టాడని తరువాత విన్నాను. దిలీప్ రావడం గల్లీలో అందరూ చూశారు. ఇంటి తలుపు దాకా వచ్చి వట్టి చేతులతో పోయాడని చెబితే వాడిని ఎవరు నమ్ముతారు?

ఆ షెడ్డుకు మళ్లీ ఎవరూ వెళ్లలేదు. అంబాదాస్ మళ్లీ అరవలేదు. ఏడాది పాటు ఏమీ లేదు. తరువాత ఒంటరిగా కూర్చుని, చిన్న గొంతుతో, తనే రాసుకుని పాడటం మొదలుపెట్టాడు. నూలు గురించి, ముసలి నేతగాళ్ల గురించి, ఎవరినీ నొప్పించని పాటలు. గణపతి మండపాల్లో పాడాడు. క్యాసెట్లు వచ్చాయి. ఆటోల్లో వాడి గొంతు వినబడితే లక్ష్మక్క నన్ను మోచేత్తో పొడుస్తుంది. ఇప్పుడు హోట్గి రోడ్ వైపు కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. స్టేజీ ఎక్కితే మొదట నా పేరు చెబుతాడు, వదిన కాదు తల్లి అంటాడు. అందరూ తిరిగి నన్ను చూస్తారు. నేను కొంగు సర్దుకుంటాను.

అందరూ అంటారు, ఆ అరుపులు మానేయబట్టే వాడు బాగుపడ్డాడని. నేనూ కొన్నాళ్లు అలాగే సర్ది చెప్పుకున్నాను. కానీ వాడి మంచికే చేశానా? మీట నొక్కినప్పుడు వాడి మంచి నా తలలో ఎక్కడా లేదు. నన్ను కొట్టినవాడి పరువు కాపాడటానికి, నా కోసం అరిచినవాడి గొంతు తుడిచేశాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు కాపాడటానికి ఆయన పరువు కూడా లేదు.

ఇంకో అనుమానం ఉంది. ఆ క్యాసెట్టులో మగ్గాల చప్పుడు ఉందని చెప్పాను కదా. అది మా గోడ చప్పుడు. పుట్టినప్పటి నుంచి విన్నవాడు గుర్తుపట్టలేదా? పట్టే ఉంటాడు. పట్టి కూడా దిలీప్ మీదికి వెళ్లాడా? నన్ను అనలేక వాడిని అన్నాడా? తల్లి అని స్టేజీ మీద అన్నప్పుడల్లా వాడి ముఖం చూస్తాను. ఏమీ దొరకదు.

దిలీప్ ఇంకా జాబర్ పనే చేస్తాడు. గిటారు మళ్లీ పట్టలేదు. దారిలో కనబడితే బాగున్నావా వహినీ అంటాడు, వాళ్ల మరాఠీలో వదినా అని. ఆ రోజు సంగతి ఒక్కసారీ అడగలేదు. అడిగితే బాగుండును. అడగని మనిషి దగ్గర దాక్కోవడం కష్టం.

ఇంతవరకు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. ఆ మాట రాయబోయి రెండు సార్లు కొట్టేశాను. కానీ కాగితం మీద నా చేత్తో రాసినది నేనే చదువుకుంటే, మొదటిసారి నా మీద నాకు అనుమానం కలగలేదు. చేశాను. అది నేనే.

ఈ కింది నాలుగు మాటలు తరువాత చేర్చాను.

మర్నాడు పొద్దున్నే ఈ కాగితాలు పట్టుకుని దిలీప్ పనిచేసే షెడ్డుకు వెళ్లాను. చేతికిస్తే తీసుకుని తిరగేసి చూశాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అది నాకు పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. మగ్గం ఆపమన్నాను. ఆపాడు. పక్క మగ్గాలవాళ్లు కూడా ఏమైందోనని ఆపారు. వాళ్లందరి ముందు, తడుముకుంటూ, మొదటి నుంచి చివరి దాకా చదివాను. నన్ను కొట్టిన సంగతి కూడా వదలలేదు.

దిలీప్ చేతుల జిడ్డు తుడుచుకుంటూ విన్నాడు. అయ్యాక ఒకటే అడిగాడు. "అంబాదాస్ ఇది చదివిండా, వహినీ?"

లేదన్నాను. వాడు మగ్గం మళ్లీ వేశాడు. నేను కాగితాలు పట్టుకుని బయటికి వచ్చి హోట్గి రోడ్ బస్సు ఎక్కాను.