నాగమణి డిక్షనరీ

నిన్న అటక సర్దుతుంటే నాగమణి డిక్షనరీ దొరికింది. వాళ్ల నాన్న చేపలమ్మి కొనిచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఎండుచేపల వాసన వచ్చినట్టే ఉంది.

బెజవాడలో మా టెన్త్ 'ఏ' సెక్షన్ ఇంగ్లిష్ క్లాసు ఇంకా గుర్తుంది. మాటకి అర్థం చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి.

ఆ రోజు అన్నిటికీ నేనొక్కదాన్నే చెప్పాను. వరసగా కొట్టుకుంటూ నాగమణి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెత్తబడింది.

"గట్టిగా కొట్టవే, లేకపోతే నీకు పడుద్ది," అన్నారు మాస్టారు.

గట్టిగానే కొట్టాను.

బెల్లయ్యాక నాగమణి చెంప తుడుచుకుంటూ అడిగింది. "నా డిక్షనరీ ఇవాళైనా ఇస్తావా? రేపటికైనా చదువుకుంటాను."

ఇంట్లో మర్చిపోయానన్నాను. అది నా సంచిలోనే ఉంది.

ఆ ఏడాది ఇంగ్లిష్‌లో స్కూల్ ఫస్ట్ నేనే.